తెలుగు సినిమాలో ప్రపంచీకరణ వ్యతిరేక ఉద్యమాలు

ప్రపంచీకరణ విధానాలపై ప్రజలు జరిపిన పోరాటాలను కల్పిత కథలుగా మలచిన తెలుగు చలనచిత్రాల గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రపంచ బ్యాంకు షరతులు, ప్రత్యేక ఆర్థిక మండలులు, బహుళజాతి సంస్థల భూసేకరణ, వ్యవసాయ మార్కెట్టు చట్టాలు మొదలగునవి ఈ చిత్రాలలో ప్రధానంగా కనిపించే అంశాలు. ఇవి సంఖ్యలో ఎక్కువ కావు. భూస్వామ్యంపైన, ఫ్యాక్షన్లపైన తెలుగులో వచ్చిన సినిమాలతో పోలిస్తే వీటిని వేళ్ళ మీద లెక్కించవచ్చు. దొర గడీలో కూర్చుని కనిపిస్తాడు కనుక అతనిని తెరపై చూపడం తేలిక. వాషింగ్టన్‌లో తయారైన ఋణ ఒప్పందాన్ని ప్రతినాయకునిగా చూపడం ఎలాగన్న ప్రశ్న మన రచయితలకే కాదు, హాలీవుడ్డు వారికి కూడా ఎదురయింది.

పూర్వరంగం

సరళీకరణకు ముందే ఈ సమస్య ఛాయలను చూపిన దర్శకుడు శ్యామ్ బెనెగల్ (1934-2024). ఈయన సికింద్రాబాదులోని తిరుమలగిరిలో జన్మించాడు, నిజాం కళాశాలలో చదివాడు. 1987లో ఈయన తీసిన హిందీ చిత్రం సుస్మన్‌లో కథానాయకుడు పోచంపల్లి నేతగాడు రాములు (ఓం పురి). ఎగుమతి గిరాకీకి, మర మగ్గానికి, దళారీకి నడుమ నలిగిన చేనేత కుటుంబపు కథ ఇది. చేనేత సహకార సంఘాల ఆర్థిక సహకారంతో ఈ చిత్రం నిర్మించబడింది. భాష హిందీ అయినా మనుషులూ ఊరూ మనవే. ఇందులో ఊరేగింపులు, నినాదాలు లేవు. ఉద్యమ చిత్రం అనడానికి వీలులేదు గాని, తన చేతిలోని పని విలువను ఎక్కడో దూరాన ఉన్న విపణి నిర్ణయిస్తుందన్న ఎరుక ఇందులో స్పష్టంగా కనబడుతుంది.

నేపథ్యం

1991లో భారతదేశం ఆర్థిక సరళీకరణను ఆరంభించింది. అదే సంవత్సరం డిసెంబరులో గాట్ డైరెక్టర్ జనరల్ ఆర్థర్ డంకెల్ పేరిట ఒక ముసాయిదా వెలువడింది. "డంకెల్ ప్రతిపాదనలు" అన్న మాట ఆ రోజుల్లో పల్లెటూళ్ళ రచ్చబండల దాకా వెళ్ళింది. విత్తనాలపై హక్కు ఎవరిది అన్నది అప్పటి రైతు సంఘాల ముఖ్య ప్రశ్న. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది.

ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం ఈ విషయంలో ప్రత్యేకమైనది. భారతదేశంలో రాష్ట్ర స్థాయిలోనే ప్రపంచ బ్యాంకుతో పెద్ద ఎత్తున ఋణ ఒప్పందాలు చేసుకున్న తొలి రాష్ట్రాలలో ఇది ఒకటి. 1998లో విద్యుత్తు సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1 నుండి అది అమలులోకి వచ్చి, రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి స్థానంలో జెన్‌కో, ట్రాన్స్‌కో అను రెండు సంస్థలు ఏర్పడ్డాయి. అదే సంవత్సరం ఈ సంస్కరణలకై ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల ఋణం మంజూరు చేసింది. మెకిన్సే సంస్థ సహాయంతో తయారైన "విజన్ 2020" పత్రం కూడా 1999లోనే విడుదలయింది. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదును సందర్శించాడు.

ఆ తరువాత రెండు నెలలకు కరెంటు ఛార్జీలు పెరిగాయి. వామపక్షాలు, కాంగ్రెసు నెలల తరబడి ఆందోళన జరిపాయి. 2000 ఆగస్టు 28న "చలో అసెంబ్లీ"గా బయలుదేరిన ఊరేగింపును పోలీసులు బషీర్‌బాగ్ వద్ద అడ్డగించారు. లాఠీలు, నీటి ఫిరంగులు, గుర్రపు దళం, చివరికి తుపాకులు. ఈ కాల్పుల కారణంగా ముగ్గురు మరణించారు. సియాటిల్‌లో నిరసనలు జరిగి అప్పటికి తొమ్మిది నెలలు మాత్రమే. సియాటిల్ వీధులలో ఎవరూ మరణించలేదు, ఇక్కడ మరణించారు. అయినప్పటికీ ప్రపంచీకరణ వ్యతిరేక ఉద్యమ చరిత్రలలో సియాటిల్‌కు అధ్యాయాలు ఉంటే, బషీర్‌బాగ్‌కు ఒక వాక్యం దొరకడమే అరుదు. 2004 ఎన్నికలలో విద్యుత్తు ప్రధానాంశమయింది. ఆ ఏడు మే 14న ప్రమాణ స్వీకారం చేసిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రం మీదనే పెట్టాడు.

2003 జనవరి 2 నుండి 7 వరకు హైదరాబాదులో ఆసియా సోషల్ ఫోరం సమావేశాలు జరిగాయి. ఆ మరుసటి సంవత్సరం ముంబైలో జరిగిన ప్రపంచ సోషల్ ఫోరంకు ఇది తొలిమెట్టు వంటిది.

రంగస్థలం, పాట

ఈ ఇతివృత్తాన్ని సినిమా కంటె ముందు నాటకం, పాట అందుకున్నాయి. పాటిబండ్ల ఆనందరావు రచించిన "పడమటి గాలి" ఇందులో మొదట చెప్పుకోదగినది. పేరులోనే విషయమంతా ఉన్నది. కొత్త ఆర్థిక విధానాల వలన ఒక పల్లెలోని రైతు కుటుంబం ఎలా చెదిరిపోయినదీ మాండలిక సంభాషణలతో చూపిన నాటకమిది. పరిషత్తు నాటకాలలో దీనికి గొప్ప పేరు వచ్చింది. ప్రజా నాట్యమండలి దళాలు కూడా వీధి నాటికలలో ఈ విషయాలను ప్రదర్శించాయి.

పాటల విషయానికి వస్తే, పల్లె కన్నీటిని గురించి గోరటి వెంకన్న వ్రాసిన పాట సాటిలేనిది. ప్రపంచీకరణ ధాటికి కుమ్మరి, కమ్మరి, సాలె మొదలైన చేతివృత్తులు కూలిపోయిన తీరును ఈ పాట ఒక్కొక్క వృత్తినీ పలకరిస్తూ చెబుతుంది. సభలలో ప్రజాదరణ పొందిన ఈ పాట 2002లో శ్రీహరి కథానాయకునిగా వచ్చిన "కుబుసం" చిత్రంలో చేరింది. స్వరకర్త, గాయకుడు వందేమాతరం శ్రీనివాస్. సినిమా పేరు మరచినవారు కూడా పాటను మరువలేదు. తెలుగు సినిమాలో ప్రపంచీకరణపై వచ్చిన అత్యంత ప్రభావవంతమైన అభివ్యక్తి ఏది అంటే, ఒక సినిమా కాదు, ఈ పాటే అనవలసి ఉంటుంది. గోరటి వెంకన్నకు "వల్లంకి తాళం" సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ప్రజాతీర్పు చిత్రాలు

సినిమా చరిత్రలలో చేరని ఒక ప్రయోగాన్ని ఇక్కడ పేర్కొనవలసి ఉన్నది. 2001 జూన్ చివరి వారంలో మెదక్ జిల్లా జహీరాబాదు సమీపంలోని ఆల్గోల్ గ్రామంలో "ప్రజాతీర్పు" అను కార్యక్రమం జరిగింది. రాష్ట్ర వ్యవసాయం ఏ దారిన పోవలెనన్నది విచారణాంశం. తీర్పరులలో అత్యధికులు సన్నకారు రైతులు, అందులోనూ మహిళలు. వారి ముందు మూడు వీడియో చిత్రాలు ప్రదర్శించబడ్డాయి. మొదటిది విజన్ 2020 ప్రకారం యంత్రాలు, పెద్ద కమతాలు, జన్యుమార్పిడి పంటలతో కూడిన భవిష్యత్తు. రెండవది ఎగుమతి కోసం సేంద్రియ సేద్యం. మూడవది గ్రామ స్వావలంబన. మూడూ ఇంకా రాని కాలాన్ని తెరకెక్కించినవే కనుక ఇవి కూడా ఒక విధమైన కల్పితాలే.

వ్యవసాయంపై ఆధారపడిన జనాభాను 70 శాతం నుండి 40 శాతానికి తగ్గించాలన్న విజన్ 2020 లక్ష్యాన్ని తీర్పరులు తిరస్కరించారు. భూమి వదలిన వారికి పని ఎక్కడ అన్నది వారి ప్రశ్న. అప్పట్లో రాష్ట్రానికి సహాయం అందిస్తున్న బ్రిటన్ ప్రభుత్వ శాఖ ఈ ప్రక్రియ నిష్పాక్షికతను ప్రశ్నించగా, వివాదం బ్రిటన్ దాకా పోయింది. చదువురాని ఆడవారికి బొమ్మ చూపించి తీర్పు అడగడమేమిటని కొందరు ఎద్దేవా చేసినా, బడ్జెట్టు పత్రాలు చదవగలవారు కూడా వేయని ప్రశ్న ఆ ఆడవారు వేశారు.

సియాటిల్ చిత్రం - పోలిక

ప్రపంచీకరణ వ్యతిరేక నిరసనను నేరుగా కథాచిత్రంగా తీసిన ప్రయత్నాలలో ప్రపంచమంతటా ఎక్కువగా ఉదహరించబడేది "బ్యాటిల్ ఇన్ సియాటిల్" (2007). దర్శకుడు ఐర్లండు నటుడు స్టూవర్ట్ టౌన్‌సెండ్. ఇది అతని మొదటి చిత్రం. 2007 సెప్టెంబరులో టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శింపబడి, మరుసటి సంవత్సరం అమెరికాలో విడుదలయింది. తెలుగు చిత్రాలను అంచనా వేయడానికి ఇది మంచి కొలబద్ద కనుక కొంత వివరంగా చెప్పుకొనవలెను.

1999 నవంబరు 30న ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశాన్ని అడ్డుకొనుటకు సియాటిల్ నగరంలో సుమారు 40 వేల మందికి పైగా గుమిగూడారు. నగరంలో కర్ఫ్యూ విధించారు, నేషనల్ గార్డు దళాలను దించారు, 600 మందికి పైగా అరెస్టయ్యారు. పోలీసు అధిపతి నార్మ్ స్టాంపర్ పదవి నుండి తప్పుకున్నాడు. ఈ అరెస్టులలో కొన్ని చట్టవిరుద్ధమని 2007 జనవరిలో జ్యూరీ తేల్చగా, నగరం 10 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకున్నది.

సినిమా ఈ అయిదు రోజులను కల్పిత పాత్రల ద్వారా చెబుతుంది. ఉద్యమ నాయకుడు జే (మార్టిన్ హెండర్సన్), అతని సహచరి లూ (మిషెల్ రోడ్రిగ్స్), పోలీసు డేల్ (వుడీ హారెల్సన్), అతని గర్భవతియైన భార్య ఎల్లా (షార్లిజ్ థెరాన్) ముఖ్య పాత్రలు. నగర మేయరు (రే లియోటా)కు కూడా మారు పేరు పెట్టారు. నిజమైన వార్తా దృశ్యాలను నటీనటుల దృశ్యాలతో కలిపి కూర్చారు. చిత్రీకరణ మాత్రం ఎక్కువ భాగం కెనడాలోని వాంకూవర్‌లో జరిగింది. నిరసనలతో సంబంధం లేని ఎల్లా దారిన పోతూ లాఠీ దెబ్బ తిని గర్భం కోల్పోవడం కథకు కేంద్రం. ఇక్కడే విమర్శ కూడా వచ్చింది. వేలమంది నెలల తరబడి చేసిన సన్నాహాన్ని ఒక దంపతుల దుఃఖంలోకి కుదించారని, ఉద్యమకారులు ఎందుకు వచ్చారన్నది వెనుకబడిందని అనేకులు అభిప్రాయపడ్డారు. సియాటిల్ నిరసనల నిర్వాహకులలో ఒకడైన డేవిడ్ సోల్నిట్ ఈ చిత్ర కథనంతో విభేదించాడు.

ఇందులో తెలుగు పాఠకులు గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. జాంగో (ఆండ్రే బెంజమిన్) అను పాత్ర తాబేలు వేషంలో ఉంటుంది. సియాటిల్ వీధులలో నిజంగానే ఎందరో తాబేలు వేషాలు ధరించారు. రొయ్యల వలలలో సముద్రపు తాబేళ్ళు చిక్కి చావకుండా ప్రత్యేక పరికరం అమర్చని దేశాల రొయ్యలను అమెరికా నిషేధించింది. 1998లో వాణిజ్య సంస్థ ఆ నిషేధాన్ని తప్పుపట్టడమే ఈ వేషాలకు కారణం. అయితే ఆ ఫిర్యాదు చేసిన దేశాలు నాలుగు: భారతదేశం, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్. అనగా కాకినాడ, విశాఖపట్నం రేవుల నుండి పోయే రొయ్య తీర్పుకు ఒక వైపు, సియాటిల్ తాబేలు మరొక వైపు నిలిచాయి. ఇదే ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గ్రుడ్లు పెట్టడానికి వస్తాయి, మరపడవల వలలలో పడి చస్తాయి కూడా. అలాగే, వాణిజ్య ఒప్పందాలలో కార్మిక ప్రమాణాలు చేర్చాలని వీధిలోని అమెరికా కార్మిక సంఘాలు కోరగా, లోపల భారత వాణిజ్య మంత్రి మురసోలి మారన్ దానిని గట్టిగా వ్యతిరేకించాడు. పేద దేశాల ప్రతినిధులను గదుల బయట నిలబెట్టిన వైనాన్ని ఒక ఆఫ్రికా మంత్రి పాత్ర (ఇసాక్ దె బాంకోలే) ద్వారా సినిమా చూపింది. ఇది దాని మెచ్చదగిన గుణం. వీధిలోని వారికీ, లోపల కోపగించిన పేద దేశాలకూ మధ్య ఉన్న ఈ విభేదాన్ని మాత్రం లోతుగా పట్టించుకోలేదు.

సొంతఊరు, గంగపుత్రులు

2005లో ప్రత్యేక ఆర్థిక మండలుల చట్టం వచ్చిన తరువాత రాష్ట్రంలో భూసేకరణ వివాదాలు పెరిగాయి. జడ్చర్ల వద్ద పోలేపల్లి, కాకినాడ తీరం ఇందుకు ఉదాహరణలు. 2006 ఫిబ్రవరిలో గంగవరం ఓడరేవు నిర్వాసితులైన మత్స్యకారులపై కాల్పులు జరిగాయి. 2010 జూలై 14న సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించిన వారిపై జరిగిన కాల్పులలో ఇద్దరు మరణించారు.

ఈ వాతావరణంలో దర్శకుడు పి. సునీల్ కుమార్ రెడ్డి రెండు చిత్రాలు తీశాడు. "సొంతఊరు" (2009) ప్రత్యేక ఆర్థిక మండలి కోసం ఖాళీ చేయవలసి వచ్చిన ఒక గ్రామం కథ. రాజా, తీర్థ, ఎల్.బి. శ్రీరాం ముఖ్య పాత్రధారులు. ఎల్.బి. శ్రీరాంది కాటికాపరి పాత్ర. ఊరు పోతే పొలానికి, ఇంటికి పరిహారం లెక్క కడతారు. శ్మశానానికి లెక్క ఏమిటి, ఏ పట్టా లేని కాటికాపరికి ఎవరు ఏమి ఇస్తారు? పాత్ర ఎంపికలోనే దర్శకుని ఆలోచన తెలుస్తున్నది. ఈ చిత్రానికి 2009 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా బంగారు నంది లభించింది. తరువాతి చిత్రం "గంగపుత్రులు" మత్స్యకారుల జీవితం గురించినది. తీరాన్ని పరిశ్రమలు ఆక్రమించగా వేట పోగొట్టుకున్న వారి కథ ఇది. దీనికి 2010 సంవత్సరపు వెండి నంది వచ్చింది (ఆ ఏడు బంగారు నంది "వేదం" చిత్రానిది).

రెండూ తక్కువ ఖర్చుతో తీసినవి. రెండింటిలోనూ పెద్ద తారలు లేరు. బహుమతులు అందుకున్నంతగా ప్రేక్షకులను అందుకోలేకపోయాయి.

అగ్రతారల చిత్రాలు

2017 జనవరి 11న విడుదలైన "ఖైదీ నంబర్ 150" చిరంజీవి 150వ చిత్రం. తమిళంలో ఏ.ఆర్. మురుగదాస్ తీసిన "కత్తి" (2014) దీనికి మాతృక. తెలుగులో దర్శకుడు వి.వి. వినాయక్, నిర్మాత రామ్ చరణ్. భూగర్భ జలాలున్న ఒక ఊరిని శీతల పానీయాల సంస్థ కబళించ జూడడం, పత్రికలు పట్టించుకోనందున కొందరు వృద్ధ రైతులు కెమెరా ముందు ప్రాణాలు తీసుకోవడం, ఆ రైతులను నడిపిన వాని స్థానంలోకి అతని పోలికలే ఉన్న జైలు ఖైదీ రావడం కథ. నగరానికి నీరు తెచ్చే భారీ గొట్టాలలో రైతులు బైఠాయించి సరఫరాను ఆపివేసే ఘట్టం ఇందులో ముఖ్యమైనది. ప్రత్యక్ష చర్య అని ఉద్యమ పరిభాషలో పిలిచే పద్ధతిని మన వాణిజ్య సినిమా ఇంత వివరంగా చూపిన సందర్భాలు అరుదు.

ఈ కథ వెనుక కేరళలోని ప్లాచిమడ గుర్తుకు వస్తుంది. అక్కడ కోకాకోలా కర్మాగారం వలన బావులు ఎండిపోయాయంటూ 2002 ఏప్రిల్‌లో ఆదివాసులు పోరాటం ఆరంభించారు, 2004లో కర్మాగారం మూతపడింది. ప్లాచిమడలో ఒకే రూపం గల కథానాయకులు ఇద్దరు లేరు, పోరాటాన్ని నడిపినది మయిలమ్మ అనే ఆదివాసీ స్త్రీ. కత్తి కథానాయకుడు విజయ్ అంతకుముందు కోకాకోలా ప్రకటనలలో నటించినవాడే. చిరంజీవి సైతం ఒకప్పుడు అదే సంస్థ వారి థమ్సప్ ప్రకటనలలో కనిపించాడు. దీనిని వ్యక్తుల దోషంగా కాక, తార అనే వ్యవస్థ స్వభావంగా చూడడం సమంజసం. నిరసనను పది కోట్ల మందికి చేర్చగల ముఖం ఏదో, సరుకును చేర్చగల ముఖం కూడా అదే.

"మహర్షి" (2019, దర్శకుడు వంశీ పైడిపల్లి) మరొక అడుగు వేసింది. ఇందులో గ్యాసు పైపులైను ప్రాజెక్టు కోసం ఖాళీ చేయవలసిన గ్రామం తరఫున నిలిచేవాడు స్వయంగా అమెరికాలోని ఒక పెద్ద కంపెనీ అధిపతి (మహేష్ బాబు). మొదటి నుండి ఊరి కోసం పోరాడిన స్నేహితుని పాత్ర (అల్లరి నరేష్) ప్రక్కకు తప్పుకొంటుంది. ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా దీనికి జాతీయ పురస్కారం లభించింది. ప్రపంచీకరణ వలన ఎదిగినవాడే ప్రపంచీకరణ బాధితులను రక్షించడం ఈ కథలోని విశేషం. సేద్యం పట్ల ఈ చిత్రం చూపిన గౌరవం నిజమైనదే గాని, వారాంతపు సేద్యంతో రైతు అప్పు ఎలా తీరుతుందో చెప్పలేదు.

ఈ రెండు చిత్రాలనూ సియాటిల్ చిత్రంతో పోలిస్తే ఒక తేడా కనిపిస్తుంది. అక్కడ నాయకుడంటూ ఒకడు లేక కథ చెదిరిపోయింది. ఇక్కడ నాయకుడు ఎక్కువై జనం వెనుక వరుసలోకి పోయారు. బషీర్‌బాగ్ వంటి సంఘటనలో మరణించినవారు సామాన్య కార్యకర్తలు. అటువంటివారిని నడుమ నిలిపే కథనం వాణిజ్య సినిమాకు ఇంకా అలవడలేదు.

ఆర్. నారాయణమూర్తి

జనాన్ని నడుమ నిలిపినవాడు ఎవరంటే ఆర్. నారాయణమూర్తి పేరు చెప్పవలెను. తూర్పు గోదావరి జిల్లా మల్లంపేటలో పుట్టిన ఈయన "అర్ధరాత్రి స్వతంత్రం" (1986)తో మొదలుపెట్టి తన స్నేహచిత్ర సంస్థ ద్వారా తానే నిర్మాతగా, దర్శకునిగా, నటునిగా చిత్రాలు తీస్తూ వచ్చాడు. "ఎర్రసైన్యం" (1994) ఘనవిజయం సాధించింది. ఈయన చిత్రాలలో దృశ్యాలు చాలావరకు సభలను, ఊరేగింపులను పోలి ఉంటాయి. పాట వచ్చినపుడు కథ ఆగి, ఊరంతా నడుస్తుంది. ఇది కళా లోపమని విమర్శకులు అంటారు. వీధి నాటకం చూచినవారికి మాత్రం ఈ పద్ధతి ఎక్కడి నుండి వచ్చినదో వెంటనే తెలుస్తుంది.

2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన మూడు వ్యవసాయ చట్టాలపై ఈయన తీసిన చిత్రం "రైతన్న" 2021 ఆగస్టులో విడుదలయింది. ఢిల్లీ సరిహద్దులలో 2020 నవంబరు నుండి బైఠాయించిన రైతులు అప్పటికి ఇంకా అక్కడే ఉన్నారు. సియాటిల్ సంఘటనలు తెరకెక్కడానికి దాదాపు ఎనిమిదేళ్ళు పట్టగా, ఇక్కడ ఉద్యమం నడుస్తూ ఉండగానే సినిమా వచ్చింది. కనుక దీనిని సినిమాగా కంటె కరపత్రంగా చూడడమే న్యాయం. కరోనా రెండవ ఉధృతి తగ్గి థియేటర్లు తెరుచుకుంటున్న రోజులవి. ఈ చిత్రం కోరినవి ముఖ్యంగా రెండు: చట్టాల ఉపసంహరణ, స్వామినాథన్ కమిషన్ సిఫారసుల ప్రకారం మద్దతు ధర. 2021 నవంబరు 19న ప్రధానమంత్రి చట్టాల ఉపసంహరణను ప్రకటించగా, నవంబరు 29న పార్లమెంటు రద్దు బిల్లును ఆమోదించింది. మద్దతు ధర ప్రస్తావన ఆ బిల్లులో లేదు.